ఇల్లు గీసుకుందాం – నాలుగవ పాఠం: నీడను కొలిచి సజ్జ వేయడం

గత పాఠంలో గదుల కొలతలు తీసుకొని, గ్రాఫు కాగితం మీద అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున గోడలు, తలుపులు, కిటికీలు గీశాము. ఆ కాగితం మూలన ఉత్తర దిక్కును చూపే బాణం గుర్తు తప్పనిసరిగా పెట్టమని చెప్పినప్పుడు కొందరికి అది చాదస్తంగా తోచి ఉండవచ్చు. ఈ పాఠం అంతా ఆ బాణం మీదనే నడుస్తుంది. ఏ గోడకు ఎంత సజ్జ వేయాలో మేస్త్రీని అడగకుండా, ఒక ఇనుప కడ్డీతోను కొద్దిపాటి గుణకారంతోను మీరే తేల్చుకోవడం నేటి అభ్యాసం.

మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో కట్టే ఇళ్లలో దాదాపు అన్నిటికీ నాలుగు వైపులా ఒకే కొలత సజ్జ కనబడుతుంది. ఒకటిన్నర అడుగో రెండడుగులో అనుకుంటారు, సెంట్రింగు పలకలు అదే కొలతకు కోస్తారు, నాలుగు దిక్కులకూ అదే పోస్తారు. వాననీరు కిటికీలోకి కొట్టకుండా ఉండడానికి అది చాలు. ఎండకు మాత్రం నాలుగు దిక్కులూ ఒకటి కావు. మా ఇంట్లోనూ ఇదే పొరపాటు జరిగింది. నైరుతిలో పెద్ద పడకగది, దాని పడమటి గోడకు నాలుగడుగుల ఎత్తున్న కిటికీ, పైన రెండడుగుల సజ్జ. మే నెలలో సాయంత్రం ఐదు గంటలకు ఆ కిటికీ మూయబోతే గడియ చేతికి చురుక్కుమని అంటుకొనేది, సజ్జ నీడ కిటికీ పైభాగాన జానెడు కూడా దిగేది కాదు. వాస్తు ప్రకారం ఇంటి యజమాని గదిని నైరుతిలో పెట్టడం మన దగ్గర మామూలే. ఆ ఆచారంతో తగవు పెట్టుకోవడం ఈ పాఠం పని కాదు గానీ, దక్షిణపు గోడా పడమటి గోడా రెండూ ఎండకు అప్పగించిన గది అదేనన్న సంగతి తెలిసి గీయాలి.

కావలసిన సామాను తక్కువ. మూడడుగులకు కాస్త ఎక్కువ పొడవున్న వంకర లేని ఇనుప కడ్డీ, రెండు ఇటుకలు, సుద్దముక్క, కొలత టేపు, దారానికి కట్టిన గుండు ఉంటే చాలు. మిద్దె మీద, ఏ గోడ సంగతి తేల్చాలనుకుంటున్నారో ఆ గోడకు పైన, కడ్డీని రెండు ఇటుకల నడుమ బిగించి నేల నుంచి సరిగ్గా 36 అంగుళాలు పైకి ఉండేటట్లు నిలబెట్టండి. గుండు వేలాడదీసి రెండు వైపుల నుంచి చూసి, కడ్డీ నిట్టనిలువుగా ఉందని నిర్ధారించుకోండి. కడ్డీ రవ్వంత వాలినా సాయంత్రపు పొడవాటి నీడల్లో లెక్క చాలా తప్పుతుంది.

ఉత్తర దిక్కు కోసం ఫోనులోని దిక్సూచిని నమ్మవద్దు. స్లాబులోని ఇనుము దానిని తప్పుదోవ పట్టిస్తుంది. మధ్యాహ్నం కడ్డీ నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన దాని మీదుగా గీసిన గీతే ఉత్తర దక్షిణ రేఖ. ఆ క్షణం మన గడియారంలో పన్నెండు గంటలకు రాదు. దేశానికంతటికీ ఒకే సమయం పెట్టింది కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అక్కడి నుంచి పడమటికి వచ్చే ప్రతి డిగ్రీకీ 4 నిమిషాలు ఆలస్యం కలుస్తుంది. అందువల్ల సగటున నల్లగొండలో 12 గంటల 13 నిమిషాలకు, మహబూబ్‌నగర్‌లో 12 గంటల 18 నిమిషాలకు సూర్యుడు ఈ ఉత్తర దక్షిణ రేఖను దాటుతాడు. ఋతువును బట్టి ఇది పావుగంట దాకా ముందువెనుకలవుతుంది. కాబట్టి పన్నెండుకు పావుగంట ముందు నుంచి పన్నెండున్నర దాటే వరకు అయిదేసి నిమిషాలకొకసారి నీడ కొనకు సుద్దతో చుక్క పెట్టుకుంటూ పోయి, కడ్డీకి అతి దగ్గరగా ఉన్న చుక్కను తీసుకోవడం ఉత్తమం.

నిలువురాయి నీడను గమనించడం ఈ నేలకు కొత్త కాదు. ఉమ్మడి పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్‌లో బృహత్ శిలాయుగపు నిలువురాళ్ల వరుసలు కొన్ని, సూర్యుడు ఉత్తరాన, దక్షిణాన చిట్టచివరి హద్దుకు చేరిన రోజుల ఉదయాస్తమయాల వైపు చూపుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. 2025లో ఆ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. మన పని అంతకన్నా చిన్నది, ఒక కిటికీకి సరిపడేంత.

ఇప్పుడు అసలు కొలత. కడ్డీ మొదలు నుంచి గోడకు సరిగ్గా లంబంగా సుద్దగీత గీయండి. మూలమట్టం లేకపోతే మేస్త్రీలు పునాది గీసేటప్పుడు వాడే 3, 4, 5 అడుగుల త్రిభుజంతో ఆ లంబాన్ని సాధించవచ్చు. నీడ ఏటవాలుగా ఏ వైపుకు పడినా, దాని కొన నుంచి ఈ గీత మీదికి అడ్డంగా ఒక గీత దించి, అది తాకిన చోటు కడ్డీ మొదలుకు ఎన్ని అంగుళాల దూరంలో ఉందో చూడండి. దీనిని మనం ఎదురునీడ అని పిలుచుకుందాం. నీడ మొత్తం పొడవుతో మనకు పని లేదు. సజ్జ లెక్కకు ఎదురునీడ ఒక్కటే కావాలి. సజ్జ అడుగు నుంచి కిటికీ కింది అంచు వరకు ఉన్న ఎత్తును ఎదురునీడతో గుణించి 36తో భాగిస్తే, ఆ క్షణాన కిటికీ పూర్తిగా నీడలో ఉండడానికి సజ్జ గోడ నుంచి ఎంత ముందుకు రావాలో వస్తుంది. పదవ తరగతిలో చదివిన సరూప త్రిభుజాలే ఇవి.

దక్షిణపు గోడతో మొదలుపెడదాం, ఎందుకంటే అది సులభం. పగలూ రాత్రీ సమానమైన మార్చి 21న మధ్యాహ్నం మన ప్రాంతంలో సూర్యుడు దక్షిణాన 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు, కడ్డీ నీడ 11 అంగుళాలు పడుతుంది. నాలుగడుగుల కిటికీకి, అంటే 48 అంగుళాలకు, 48ని 11తో గుణించి 36తో భాగిస్తే దాదాపు 15 అంగుళాలు వస్తాయి. ఆ రోజు వీలైతే ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొక చుక్క పెట్టండి. చుక్కలన్నీ తూర్పు పడమరలుగా ఒకే సరళరేఖ మీద వరుస కడతాయి. నీడ పొడవు ఎంత మారినా ఎదురునీడ రోజంతా 11 అంగుళాల దగ్గరే నిలుస్తుంది. నేను మొదటిసారి మిద్దె మీద ఈ వరుసను చూసినప్పుడు, దారం పట్టి గీసినట్టున్న ఆ చుక్కల మీద టేపు పెట్టి రెండుసార్లు సరిచూసుకున్నాను. దీనివల్ల దక్షిణాన ఒకటిన్నర అడుగు సజ్జ ఎండాకాలమంతా నిశ్చింతగా సరిపోతుంది. డిసెంబరు 22న సూర్యుడు మధ్యాహ్నం 49.5 డిగ్రీలకు దిగుతాడు, నీడ 31 అంగుళాలకు సాగుతుంది, అదే సజ్జ కింద కిటికీ దిగువ సగానికి పైగా ఎండ పడుతుంది. చలికాలపు ఎండ కాబట్టి దానిని రానివ్వడమే మంచిది. అయితే ఉదయం, సాయంత్రం నీడ పక్కకు జరుగుతుంది గనుక, సజ్జను కిటికీకి ఇరువైపులా ఒక్కో అడుగు పొడిగించాలి. చాలా ఇళ్లలో సజ్జ కిటికీ వెడల్పుకే ఆగిపోవడం వల్ల సగం ప్రయోజనం పోతోంది.

ఉత్తరం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మే 8 ప్రాంతంలో సూర్యుడు నల్లగొండ నడినెత్తిన నిలుస్తాడు, ఆ తర్వాత ఆగస్టు 5 ప్రాంతం వరకు మధ్యాహ్నం ఉత్తరానే ఉంటాడు. జూన్ సాయంత్రాల్లో వాలుగా వచ్చే ఎండను ఆపడానికి పై సజ్జ కన్నా కిటికీ పడమటి అంచున నిలబెట్టిన ఒక అడుగు పలక మేలు. అయిదు గంటల వేళ అది రెండున్నర అడుగులకు పైగా వెడల్పును నీడలో ఉంచుతుంది. దానికి ఒక షాబాదు బండ చాలు.

పడమర దగ్గరకు వచ్చేసరికి లెక్క ఎదురు తిరుగుతుంది. మే 8న సాయంత్రం నాలుగుంపావుకు సూర్యుడు 33 డిగ్రీల ఎత్తున దాదాపు నేరుగా పడమటి గోడకు ఎదురుగా ఉంటాడు, ఎదురునీడ 55 అంగుళాలు. మన నాలుగడుగుల కిటికీకి సజ్జ 73 అంగుళాలు కావాలి, అంటే ఆరడుగుల పైమాటే. మరో గంట గడిస్తే ఎదురునీడ 103 అంగుళాలు, కావలసిన సజ్జ పదకొండు అడుగుల పైచిలుకు. మా రెండడుగుల సజ్జ నాలుగుంపావుకు ఇచ్చిన నీడ పదహారు అంగుళాలే. పడమటి కిటికీ మీద గీత గీసుకొని చూసిన రోజున, ఆ సజ్జకు ఖర్చు చేసిన సిమెంటు వాన కోసమే తప్ప ఎండ కోసం కాదని నాకు తేటతెల్లమైంది.

పాత ఇళ్లలో పడమటి వైపు వసారా దించడం ఇందుకే. వసారా చూరు ఎంత కిందికి వస్తే కప్పవలసిన ఎత్తు అంత తగ్గుతుంది. స్థలం ఉన్నవారు అదే చేయాలి, చూరుకు వెదురు తడక వేలాడదీస్తే అయిదు గంటల ఎండ కూడా ఆగుతుంది. వేప చెట్టు మరొక దారి. శిశిరంలో ఆకు రాల్చి ఉగాదికల్లా చిగిర్చి, మనకు నీడ కావలసిన నెలలకు గుబురుగా సిద్ధమవుతుంది. నూటయాభై గజాల స్థలంలో ఇల్లు కట్టుకొనే వారికి వసారా, చెట్టు రెండూ అందని మాటలు. అటువంటి వారికోసం ఈ లెక్కలోనే ఒక వెసులుబాటు దాగి ఉంది.

సూత్రంలో ఎత్తు, సజ్జ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. నాలుగడుగుల ఎత్తుకు ఆరడుగుల సజ్జ కావాలంటే, ఆ ఎత్తును ఒక్కో అడుగు చొప్పున నాలుగు ముక్కలు చేసి ప్రతి ముక్కకూ ఒక పలక వేస్తే ఒక్కొక్కటి ఒకటిన్నర అడుగు ముందుకు వస్తే చాలు. ఆరంగుళాలకొక పలక వేస్తే తొమ్మిదంగుళాలు సరిపోతాయి. మూడంగుళాలకొకటి అయితే నాలుగున్నర అంగుళాలు. నాలుగున్నర అంగుళాలంటే మన అర ఇటుక గోడ మందం. మూడంగుళాల ఎత్తున్న రంధ్రాలతో అర ఇటుక మందాన పేర్చిన జాలీ గోడ, మే నెలలో నాలుగుంపావు దాకా ఆరడుగుల సజ్జ చేసే పనినే చేస్తుందన్నమాట. కాగితం మీద ఒక అంగుళాన్ని ఒక సెంటీమీటరుగా తీసుకొని పక్క నుంచి కనిపించేటట్లు ఒక రంధ్రాన్ని గీసి, దాని బయటి పై అంచు నుంచి 33 డిగ్రీల కోణంలో గీత కిందికి లాగి, అది లోపలి కింది అంచును ఎక్కడ తాకుతుందో చూస్తే ఎవరి మాటా నమ్మనవసరం లేదు.

ఆధునిక వాస్తుశిల్పంలో పేరుపడ్డ కట్టడాలు కొన్ని ఈ నిష్పత్తి మీదనే నిలబడ్డాయి. అహ్మదాబాద్‌లో 1954లో పూర్తయిన మిల్లు యజమానుల సంఘ భవనానికి ల కార్బూజియే పడమటి ముఖాన లోతైన కాంక్రీటు పలకలను ఏటవాలుగా నిలబెట్టాడు. కేరళలో లారీ బేకర్ అదే పనిని ఇటుకలతో, చౌకగా, జాలీ గోడల రూపంలో చేశాడు. పుదుచ్చేరిలో ఆంటొనిన్ రేమండ్ గీసిన గోల్కొండ అనే వసతి భవనానికి గోడల స్థానంలో కదిలే అడ్డపలకలున్నాయి. హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ ద్వారా అందిన విరాళానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. అక్కడ ఆ పలకలను ఉత్తర దక్షిణాలకే పెట్టి, భవనపు ఇరుకు వైపులను తూర్పు పడమరలకు తిప్పడం గమనించదగ్గది. ఇంకా పునాది తీయని వారు ముందు ఆ పనే చేయాలి.

జాలీ ఎప్పుడూ అద్దానికి బయట ఉండాలి. లోపలి పరదా ఎండ వెలుగును ఆపుతుంది గానీ, వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. జాలీకీ కిటికీకీ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉంచితే రెక్కలు తెరవడానికీ, దుమ్ము దులపడానికీ చేయి పడుతుంది.

విజయవాడ, బెంగళూరు దారుల వెంట ఈమధ్య ఫ్యాక్టరీలోనే తయారై లారీల మీద వచ్చి దిగుతున్న ప్రీఫ్యాబ్ ఇళ్ల గురించి ఒక మాట. రెండు రేకుల నడుమ నురుగు నింపిన రెండంగుళాల పలక వేడిని బాగానే ఆపుతుంది, కానీ వాటి కిటికీలకు సజ్జలే ఉండవు. గోడ ఆపిన వేడిని కిటికీ లోపలికి పిలుస్తుంది. ఆ పలకకు తర్వాత మేకు కొట్టి సజ్జ వేలాడదీయడం కుదరదు, బరువంతా లోపలి ఉక్కు చట్రం మోయాలి. కాబట్టి కొనుగోలు చేసేవారు పడమటి కిటికీల చుట్టూ బోల్టులకు రంధ్రాలు ముందే పెట్టించమని ఫ్యాక్టరీలోనే అడగాలి. దీనికి కావలసిన కొలతల పట్టిక ఈ పాఠంలోని లెక్కతో మీరే తయారుచేసి వారికి ఇవ్వవచ్చు.

వచ్చే పాఠంలో ఇటుకలను జాలీగా పేర్చే మూడు పద్ధతులను, ఆ గోడ ఎంత ఎత్తు వరకు ఊతం లేకుండా నిలుస్తుందో చూద్దాం. అప్పటిలోగా మీ ఇంటి పడమటి గోడ మీద వరుసగా మూడు రోజులు, మధ్యాహ్నం మూడు, నాలుగు, అయిదు గంటలకు ఎదురునీడ కొలిచి, తేదీతో సహా గ్రాఫు కాగితం వెనుక రాసి ఉంచండి. మబ్బు పట్టిన రోజును వదిలేసి మరుసటి రోజు కొలవండి; అంచనా అంకె మాత్రం రాయవద్దు.