నడుమా, తుంటా, నరమా: అంతుచిక్కని నొప్పికి కారణం వెతికే దారి

నొప్పి ఉన్నచోటే జబ్బు ఉంటుందనుకుంటాం. నడుము, తుంటి, కాళ్ల విషయంలో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. తుంటి కీలు చెడితే నొప్పి గజ్జల్లోనో తొడ ముందువైపో వస్తుంది, ఒక్కోసారి మోకాల్లో మాత్రమే ఉంటుంది. వెన్నులో నరం నలిగితే నడుము బాగానే ఉండి పిక్క, పాదం మండిపోవచ్చు. అందుకే రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినా మంచం దిగలేనివాళ్లు ఇంతమంది. నేనూ చాలాకాలం ఆ గుంపులోనే ఉన్నాను. డాక్టర్ని కాను, ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషిని. మీ రోగం మీరే తేల్చుకోమని ఇది రాయడం లేదు. తేల్చేవాళ్ల చేతికి సరైన వివరాలు ఎలా అందించాలో చెబుతాను.

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. మూత్రం రాకుండా బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జన అదుపు తప్పినా, కూర్చుంటే ఆనే భాగమంతా మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా ఇక చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను చివరి నరాలు నలిగితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. పాదం పైకి ఎత్తలేకపోవడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, నొప్పితోపాటు జ్వరం, ఒకే పిక్క వాచి వేడిగా ఉండటం, ఇవీ అదే రోజు చూపించుకోవాల్సినవే. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆ మాట డాక్టరుకి మొదటే చెప్పాలి.

ఇక పని మొదలుపెడదాం. కాగితం మీద మనిషి బొమ్మ రెండు గీయండి, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా ఫరవాలేదు. నొప్పి ఉన్నచోట గీతలు, తిమ్మిరి ఉన్నచోట చుక్కలు పెట్టండి. నడుము కింద ఒకవైపు సొట్ట దగ్గర ఒక్క వేలితో చూపించగలిగితే డాక్టరు దృష్టి కటి వెనకున్న సాక్రోఇలియాక్ కీలు వైపు పోతుంది. బొటనవేలు, చూపుడువేలు చాచి తుంటిని పక్కనుంచి పట్టుకుని ‘ఇదిగో, ఇక్కడ లోపల’ అంటే తుంటి కీలును అనుమానిస్తారు. కాలి బొటనవేలిదాకా పాకితే ఒక నరం, చిటికెనవేలు, మడమ వైపు పోతే ఇంకో నరం. తొడ బయటివైపు మాత్రమే మంట, మొద్దు ఉంటే బిగుతు బెల్టు కింద నలిగే చర్మపు నరం కూడా కావచ్చు. మంటా, సలుపా, పోటా, కరెంటు కొట్టినట్టా అన్నది బొమ్మ పక్కనే రాయండి. ‘కాలంతా నొప్పండీ’ అంటే ఎంతటి డాక్టరైనా ఏం చేస్తారు?

బొమ్మ కన్నా విలువైనది నొప్పి నడవడిక. ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నది కొన్ని రోజులు రాసుకోండి. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ మీదికి అనుమానం పోతుంది. కొంత దూరం నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా తేలికైతే వెన్నులో నరాలు పోయే కాలువ ఇరుకైందేమో చూడాలి. అదే వంగకుండా ఊరికే ఆగి నిలబడితే తగ్గిపోతుంటే కాలి రక్తనాళాలు చూడాలి, పాదంలో నాడి పట్టి చూడమని అడగండి. 45 ఏళ్లలోపు మొదలై, 3 నెలలు దాటి, తెల్లవారుజామున లేపేసి, పొద్దున అరగంటకు పైగా బిగుసుకుని, పడుకుంటే కాక తిరిగితే తగ్గే నొప్పి వేరే జాతి, వెన్ను కీళ్లలో వాపుజబ్బు కావచ్చు. దానికి ఎముకల డాక్టరు కన్నా రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, అవసరం. ఆ జబ్బులో ఎక్స్‌రే ఏళ్ల తరబడి మామూలుగానే కనిపించవచ్చు. ఆడవాళ్లకి నెలసరితోపాటు పెరిగి తగ్గుతుంటే ఆ తేదీలు కూడా పక్కనే రాయాలి, సిగ్గుపడి దాచేది కాదు.

నా సంగతి కొంచెం చెబుతాను. పిరుదులో, గజ్జల్లో నొప్పి. నడుము ఎమ్మారై తీస్తే డిస్క్ ఉబ్బిందని వచ్చింది. అంతే, అందరూ దాన్నే పట్టుకున్నారు. వ్యాయామాలు, బెల్టు, నరాల మాత్రలు, అన్నీ అయ్యాయి. అసలు డిస్క్ ఉబ్బడం అంత అరుదేమీ కాదు. నొప్పి లేనివాళ్ల స్కాన్లన్నీ కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికి, 50 ఏళ్లవాళ్లలో 60 శాతానికి డిస్క్ ఉబ్బు కనిపించింది. కాబట్టి రిపోర్టులో ఏదో ఒకటి ఉండటం వేరు, మీ నొప్పి దానివల్లే రావడం వేరు.

తర్వాత చూసిన డాక్టరమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి పైకెత్తి, పాదాన్ని మెల్లిగా బయటికి తిప్పారు. అలా తిప్పితే తుంటి లోపలికి తిరుగుతుందట. గజ్జల్లో ఆ పాత నొప్పే, అచ్చంగా అదే, చురుక్కుమంది. “ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారా?” అన్నారు. ఆయాసానికి ఎప్పుడో వాడానన్నాను. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తుంటి ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఎమ్మారైలో బయటపడింది: తొడ ఎముక తలకి రక్తం అందక ఎముక చచ్చిపోతోంది. తొలిదశలో ఇది ఎక్స్‌రేకి చిక్కదు. నడుము ఎమ్మారైలో తుంటి కీళ్లు రావన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

అందుకే పాత మందులన్నీ రాసి తీసుకెళ్లండి. స్టెరాయిడ్లు, మద్యం అలవాటు, షుగర్, దెబ్బలు, క్షయ, ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతం, సోరియాసిస్, అన్నీ. నడక వీడియో కూడా పనికొస్తుంది. నేను కుంటుతున్నానని నాకు తెలియదు, మా ఆయన వెనకనుంచి ఫోన్లో తీస్తేనే చూశాను. డాక్టరు గదిలో నాలుగడుగులు ఎవరైనా సరిగ్గానే వేస్తారు.

గదిలో నేనైతే ఇవి అడుగుతాను. “నొప్పి తుంటిదా, వెన్నుదా, రెంటి మధ్య కీలుదా, మీకేమనిపిస్తోంది? ఆ అనుమానం తప్పైతే ఎలా తెలుస్తుంది?” రెండోది అడగడానికి మొహమాటపడకండి. మంచి డాక్టర్లు ఆ ప్రశ్నకి విసుక్కోరు, విసుక్కుంటే అదీ ఒక సమాచారమే. రక్తపరీక్షల్లో ఒంట్లో వాపును పట్టించే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఇంకా షుగర్, విటమిన్ డి, బి12, కాల్షియం, ఎముకల సంగతి చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అవసరమా అని అడగండి. విటమిన్ డి బాగా పడిపోయి ఎముకలు మెత్తబడితే తుంటి, తొడలు అంతటా నొప్పి పుట్టి నడక బాతునడకలా అవుతుంది. దొరికితే మాత్రం నయం చేయగలిగిన జబ్బు.

స్కాన్లు చూశాక కూడా తుంటా, వెన్నా తేలకపోతే ఇంకో దారుంది. స్కాన్‌లో చూస్తూ తుంటి కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తారు. మందు పనిచేసే ఆ కొద్ది గంటలూ నొప్పి మాయమైతే దోషి కీలే. ఆ రోజు ఇంటికెళ్లి పడుకోవద్దు. మెట్లెక్కండి, కూర్చుని లేవండి, మామూలుగా ఏది చేస్తే నొప్పి వస్తుందో అదే చేసి, గంటగంటకీ రాసుకోండి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్కాన్ బొమ్మలున్న సీడీ అడిగి తీసుకోండి. కొత్త డాక్టరు బొమ్మలు తన కళ్లతో చూడాలి. పాతాయన ఏమన్నారో మొదటే చెప్పేయకండి, కాగితం మీది బొమ్మ ఇచ్చి నొప్పి గురించి చెప్పి, ఆయన పరీక్ష చేశాకే ఫైలు తెరవండి. ఈలోపు నొప్పి మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగకండి, కడుపులో పుండ్లు, కిడ్నీల ఇబ్బంది వస్తాయి. తుంటి అనుమానం తేలేదాకా ఎవరైనా కాలు గట్టిగా లాగి, మెలితిప్పి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. చేతికర్ర మాత్రం ఇవాళే పట్టొచ్చు, నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో.