ల్యాబ్ పరీక్షల ముందు లైసెన్స్ ఫైల్లో చెయ్యి పెట్టేవాళ్లకు

అనంతపురం, కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్స్‌టర్నల్స్ దగ్గర పడ్డాయంటే క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్లు గీసే) ల్యాబ్ సర్వర్ మీద పని పడుతుంది. ఫ్లెక్స్‌ఎల్‌ఎం (సాఫ్ట్‌వేర్ లైసెన్సులను సర్వర్ నుంచి సిస్టంలకు పంచే పద్ధతి) రకం లైసెన్స్ ఫైలు దిద్దాల్సి వస్తే పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు, సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక కూర్చోండి. పొద్దున ఎగ్జామినర్ వచ్చి కూర్చున్నాక మాత్రం వద్దు.

ముందు కాపీ. పాత ఫైలుకు తేదీ పేరు పెట్టి వేరే ఫోల్డర్లో దాచండి. అదే ఫోల్డర్లో 'లిక్' (.lic) ఎక్స్‌టెన్షన్‌తోనే వదిలేస్తే, సర్వర్‌కు ఫోల్డర్ దారి ఇచ్చి ఉన్నచోట రెండు ఫైళ్లూ చదివేస్తుంది. ఏ ఫైలు నడుస్తోందో తేలక సగం రాత్రి పోతుంది.

మీరు మార్చదగినవి పైనున్న రెండు రకాల లైన్లలోనే ఉంటాయి. సర్వర్ లైన్లో కంప్యూటర్ పేరు, పోర్ట్ (మిగతా సిస్టంలు సర్వర్‌తో మాట్లాడే ద్వారం) నంబరు మార్చుకోవచ్చు. వెండర్ లైన్లో డెమన్ (లైసెన్సులు ఇచ్చే, సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రోగ్రాం) ఎక్కడుందో ఆ దారి, దాని పోర్ట్ మార్చుకోవచ్చు. సర్వర్ పోర్ట్ రాయకపోతే 27000 నుంచి 27009 లోపు ఖాళీగా ఉన్నది పట్టుకుంటుంది. వెండర్ పోర్ట్ రాయకపోతే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ వేరేది తీసుకోవచ్చు. నిన్న పనిచేసిన ల్యాబ్ ఈరోజు ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోయేది ఎక్కువగా ఇందుకే. రెండూ రాసి, రెండూ ఫైర్‌వాల్‌లో తెరవండి.

కింది ఫీచర్ లైన్ల జోలికి పోవద్దు. సీట్ల సంఖ్య (ఒకేసారి ఎంతమంది వాడొచ్చో), గడువు తేదీ, హోస్ట్ ఐడీ (సర్వర్ గుర్తింపు నంబరు) అన్నీ కలిపి లెక్కగట్టిన సంతకమే ఆ లైను చివరి పొడుగాటి అక్షరాల వరస. 30ని 60 చేస్తే 60 రావు సరికదా, ఉన్న 30 కూడా పోతాయి. మైనస్ 8 ఎర్రర్ వస్తుంది. సీట్లు కావాలంటే కంపెనీ నుంచి కొత్త ఫైలు తెప్పించుకోవడం ఒక్కటే దారి. లైను చివర బ్యాక్‌స్లాష్ కనిపిస్తే చెరపకండి, కింది లైను దానికి కొనసాగింపు.

హోస్ట్ ఐడీ సాధారణంగా ల్యాన్ కార్డు నంబరు: పన్నెండు గుర్తులు, సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్. అందులో ఇంగ్లిష్ 'ఓ' అక్షరం ఉండే అవకాశమే లేదు, గుండ్రంగా కనిపించింది సున్నానే. వోల్టేజీ దెబ్బకు మదర్‌బోర్డు మార్చి ఉంటే ఈ నంబరూ మారుతుంది. మైనస్ 9 (హోస్ట్ ఐడీ కలవలేదు) వస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

దిద్దడం నోట్‌ప్యాడ్‌లోనే. వర్డ్ కొటేషన్ గుర్తులను వంకర చేసేస్తుంది. తెలుగు కీబోర్డు ఆపేయండి, కంటికి కనపడని గుర్తు ఒక్కటి దూరినా లైను చెడుతుంది. సేవ్ చేసేటప్పుడు 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే పేరు చివర టెక్స్ట్ ఎక్స్‌టెన్షన్ తగులుకుంటుంది.

పేరుగానీ పోర్ట్‌గానీ మార్చినప్పుడు రీరీడ్ (సర్వీసు ఆపకుండా ఫైలు మళ్లీ చదివించే) కమాండు చాలదు, సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. పనిచేస్తోందో లేదో చూడాల్సింది సర్వర్ మీద కాదు, విద్యార్థి కూర్చునే సిస్టం మీద. మైనస్ 15 అంటే సర్వర్ అందట్లేదు, మైనస్ 4 అంటే సీట్లు నిండాయి, మైనస్ 10 అంటే గడువు అయిపోయింది.

గడువు దాటిందని సర్వర్ తేదీ వెనక్కి తిప్పొద్దు. గడియారం వెనక్కి జరిగిందని పసిగట్టి మైనస్ 88 ఇస్తుంది. ఎవరూ తిప్పకుండానే తేదీ తప్పుతుంటే బోర్డు మీది 2032 బటన్ సెల్ అయిపోయినట్టు, ముందు అది మార్చండి.