గేమింగ్ సర్వర్‌కి ముద్దొచ్చే పేరు పెట్టడం ఎలా?

మైన్‌క్రాఫ్ట్ ఆటలో జావా ఎడిషన్ అనే కంప్యూటర్ రకంలో కొత్త సర్వర్ (అందరూ కలిసి ఆడుకునే ఆన్‌లైన్ చోటు) పెట్టి ఏమీ మార్చకుండా వదిలేస్తే, జాబితాలో పేరు కింద 'ఎ మైన్‌క్రాఫ్ట్ సర్వర్' అన్న మాటే కనిపిస్తుంది. గేటుకి తగిలించిన టులెట్ బోర్డులా ఉంటుంది. సాయంత్రం నలుగురూ చేరి గుమ్మడికాయలు పండించుకుని, గొర్రెలకు రంగులేసుకుని, కబుర్లు చెప్పుకునే చోటుకి అంతకంటే మంచి పేరే కావాలి.

1. ముందు అక్కడ ఏం చేస్తారో ఒక వాక్యంలో రాసుకోండి

'ముగ్గురం కలిసి ఊరు కట్టుకుంటాం', 'స్టార్‌డ్యూ వ్యాలీలో పొలం చేస్తాం', 'ఆట తక్కువ, మాటలెక్కువ'. ఇలా ఏదో ఒకటి. ఒకరినొకరు చంపుకునే సర్వర్ అయితే ముద్దు పేరు పెట్టొద్దు. పేరు చూసి క్యారెట్లు నాటుకుందామని వచ్చిన పిల్ల మొదటి నిమిషంలోనే కత్తిపోటు తింటుంది, ఇక తిరిగి రాదు.

2. పదాల కోసం ఇంట్లోనే వెతకండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. కాగితం మీద నాలుగు కుప్పలు వేసుకోండి. చోట్లు: అరుగు, వసారా, మండువా, పెరడు, అటక, గూడు. వెచ్చనివి: కుంపటి, చలిమంట, బొంత, కంబళి. తినేవి: సున్నుండ, బొబ్బట్టు, వెన్నముద్ద, సకినం. బుల్లి ప్రాణులు: ఉడుత, పిచ్చుక, కుందేలు, బాతుపిల్ల.

ఇప్పుడు వేర్వేరు కుప్పల్లోంచి ఒక్కొక్కటి తీసి జతకట్టండి. 'ఉడుత అటక'. 'సున్నుండ వసారా'. 'బొంతలో కుందేలు'. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. చదవగానే బొంత అంచులోంచి రెండు చెవులు బయటికి కనిపిస్తాయి, సర్వర్ బొమ్మ ఏం గీయాలో కూడా పేరే చెప్పేస్తుంది. 'ఉడుత అటక' కుదరడానికి కారణం వేరు. అటక అనేది దుమ్ము పట్టిన మామూలు మాట, దాని పక్కన చేరేసరికి ఉడుత ఇంకా ముద్దొస్తుంది. అదే 'బుజ్జి చిట్టి ముద్దుల కుందేళ్ల లోకం' అంటే ఒక్కటీ మనసుకి పట్టదు. పేరులో ముద్దు మాట ఒక్కటి చాలు.

మీ ఇంట్లో ఏ మాట వాడతారో అదే వాడండి. జంతికలనేవాళ్లు జంతికలనే, మురుకులనేవాళ్లు మురుకులనే పెట్టుకోవాలి. 'సకినాల దోస్తులు' అని వరంగల్ పిల్లలు పెట్టుకుంటే ఎంత బాగుంటుందో, సకినం రుచే తెలియనివాళ్లు పెట్టుకుంటే అంత అతికించినట్టుంటుంది. 'రచ్చబండ' మాత్రం వద్దంటాను. ఇప్పటికే చాలామంది వాడేశారు, పైగా పేరులో రచ్చ ఉంటే గ్రూపులోనూ అదే మొదలవుతుంది. హీరోల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు, ఫ్యాన్స్ గొడవ ఉచితంగా వస్తుంది.

3. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి చూడండి

ఆడేవాళ్లు గ్రూపుగా మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ తెరమీద వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించవచ్చు కాబట్టి ముందు ఒకసారి చూసుకోవాలి. ఎలాగూ మనవాళ్లలో చాలామంది టైప్ చేసేది ఇంగ్లీష్ అక్షరాల్లోనే. 'గూడు'లో దీర్ఘం సరిగా పడకపోతే ఎవరో ఒకరు 'గుడ్డు' అని చదువుతారు. 'అటక' లాంటి మాటకి ఆ టెన్షన్ లేదు.

'బుజ్జి పందిరి' తీసుకోండి. వినడానికి హాయిగా ఉంది. కానీ డిస్కార్డ్ సర్వర్‌కి బొమ్మ పెట్టకపోతే, ప్రతి మాటలో మొదటి అక్షరం తీసి బొమ్మ చోట చూపిస్తుంది. ఇంగ్లీష్‌లో రాస్తే అది 'బీపీ' అవుతుంది! ఇక 'వెన్నెల్లో సన్నజాజుల పందిరి' లాంటి పొడుగు పేరు పెడితే ఫోన్ తెరమీద చోటు చాలక మధ్యలో తెగుతుంది. తెగేది 'పంది' దగ్గరైతే మీ సర్వర్‌కి ఆ పేరే ఖాయం. డిస్కార్డ్ 2 నుంచి 100 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది గానీ, రెండు మూడు పొట్టి మాటలు దాటకపోతే మేలు.

4. పేరు ఎక్కడ రాయాలో తెలుసుకోండి

జావా ఎడిషన్‌లో సర్వర్ పేరుగా కనిపించేది, సర్వర్‌ని తమ జాబితాలో చేర్చుకునేటప్పుడు ఎవరికి వారు టైప్ చేసుకున్న మాట. మీ చేతిలో ఉండేది దాని కింద వచ్చే వాక్యం. సర్వర్ ఫోల్డర్‌లోని ప్రాపర్టీస్ ఫైల్‌లో 'ఎంఓటీడీ' (motd, అంటే ఆ రోజు సందేశం) అన్న వరుసలో దాన్ని రాయాలి. బొమ్మ కావాలంటే 64×64 పిక్సెల్స్ పీఎన్‌జీ ఫైల్ పెట్టాలి. మైన్‌క్రాఫ్ట్‌లోనే ఇంకో రకమైన బెడ్‌రాక్ సర్వర్‌లో అయితే 'సర్వర్-నేమ్' అనే వరుసే ఉంటుంది.

అదే ఫైల్‌లో 'లెవెల్-నేమ్' అని ఇంకో వరుస కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. అది ప్రపంచం దాచిన ఫోల్డర్ పేరు. మార్చి సర్వర్ ఆన్ చేస్తే కొత్త ఖాళీ ప్రపంచం పుడుతుంది. ఇళ్లన్నీ పోయాయని గ్రూపులో ఏడుపులు మొదలవుతాయి. పాతది ఎక్కడికీ పోదు, ఆ వరుసలో పాత పేరు మళ్లీ రాసి రీస్టార్ట్ చేస్తే వచ్చేస్తుంది.

వాల్‌హైమ్ ఆడేవాళ్లకి ఇంకో చిక్కు. పాస్‌వర్డ్ కనీసం 5 అక్షరాలు ఉండాలి, అది సర్వర్ పేరులో ఉండే మాట కాకూడదు. 'కుంపటి' అని పేరు పెట్టి అదే పాస్‌వర్డ్ ఇస్తే ఒప్పుకోదు.

5. ఖాయం చేసేముందు

అదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో వెతకండి. 'మైన్‌క్రాఫ్ట్' అన్న మాటను పేరులో ప్రధానంగా వాడకూడదని ఆ కంపెనీ నిబంధన. పిల్లలు ఆడే సర్వర్ అయితే బడి పేరు, కాలనీ పేరు, ఇంటిపేరు అస్సలు వద్దు.

తర్వాత వాయిస్ చాట్‌లో పైకి అనిపించండి. "రాత్రి తొమ్మిదికి అటకెక్కుతున్నావా?" అని ఎవరైనా నవ్వుతూ అన్నారంటే ఆ పేరు పనికొచ్చినట్టే. ఓటింగ్ పెడితే మూడు పేర్లే ఇవ్వండి. పది ఇచ్చారా, తలా ఒకటి పట్టుకుని కూర్చుంటారు.

తర్వాత నచ్చకపోయినా డిస్కార్డ్‌లో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పాత ఆహ్వాన లింకులు పనిచేస్తూనే ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్‌లో ఆ వాక్యం మార్చాక సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఆ సమయంలో ఎవరైనా లావా దగ్గర తవ్వుతున్నారేమో ముందు కనుక్కోండి.