పాట చివర జారే బెల్టు: చేతి ఆర్గన్‌లో కాగితం లాగుడును సరిచేయడం

పిడి తిప్పితే, రంధ్రాలు కొట్టిన కాగితపు చుట్టతో నడిచే చేతి ఆర్గన్ మొదట చక్కగా పాడి, పాట సగం దాటాక తడబడి, చివరికి వచ్చేసరికి పిడి తిరుగుతున్నా కాగితం కదలక ఒకే స్వరం మీద నిలిచిపోతే, ఎవరైనా ముందు చేసే పని కాగితాన్ని లాగే బెల్టును బిగించడం. నేనూ అదే చేశాను. మూడుసార్లు బిగించినా జారడం తగ్గలేదు; పైగా ఇరుసు కింది ఇత్తడి బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) ఒకవైపు అరిగి, పిడి తిప్పడం బరువైంది. అందువల్ల బెల్టు జోలికి వెళ్లే ముందు, దాని మీద పడుతున్న భారం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

పిడి ఉన్న ఇరుసు ఒకవైపు గాలి తిత్తులను ఆడిస్తూ, మరోవైపు చిన్న కప్పీ, సన్న బెల్టు ద్వారా కాగితాన్ని లాక్కునే చుట్టును తిప్పుతుంది. జర్మనీలోని వాల్డ్‌కిర్ష్‌లో 19వ శతాబ్దంలో బ్రూడర్ కుటుంబంవారు చేసిన, మేకులు దిగగొట్టిన పీపాతో పాడే ఆర్గన్లలో ఈ చిక్కు లేదు. అక్కడ వర్మ్ మర (మెలికల గాడులున్న ఇరుసు) పళ్లచక్రాన్ని పట్టుకుని పీపాను తిప్పుతుంది కనుక జారే ప్రశ్నే లేదు, పీపా లావూ మారదు. కాగితపు చుట్ట లావు మాత్రం ప్రతి చుట్టుకూ మారుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా సుద్దముక్కతో ఇరుసు మీదుగా కప్పీ అంచు వరకు ఒక గీత, కప్పీ నుంచి బెల్టు మీదికి మరో గీత గీయండి. పాట చివరి భాగంలో పిడిని మెల్లగా తిప్పుతూ చూస్తే, మొదటి గీత విడిపోతే కప్పీని పట్టి ఉంచే మరమేకు వదులైందనీ, రెండోది ఆ చోట బెల్టు కప్పీని వదలక ముందే చెదిరితే బెల్టు జారుతున్నదనీ తెలుస్తుంది. జారడం సాధారణంగా చిన్న కప్పీ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే బెల్టు దాని చుట్టూ తక్కువ మేర అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 0.08 మి.మీ. మందం గల 15 మీటర్ల కాగితం, 40 మి.మీ. వ్యాసం ఉన్న లాక్కునే చుట్టు మీద చేరేసరికి వ్యాసం సుమారు 56 మి.మీ. అవుతుంది. అంటే అదే బిగువుతో లాగడానికి 1.4 రెట్ల బలం కావాలి. మరోవైపు 20 మి.మీ. వ్యాసం ఉన్న నడిమి కడ్డీ చుట్టూ ఉన్న, కాగితాన్ని వదిలే పాట చుట్ట 44 మి.మీ. నుంచి 20కి తగ్గుతుంది. కాగితం వదులు కాకుండా ఆ చుట్ట ఇరుసుకు ఫెల్టు (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ) వాషర్‌తో బ్రేకు పెట్టి ఉంటే, ఆ బ్రేకు పట్టు మారదు కానీ, చుట్ట సన్నబడిన కొద్దీ దాన్ని తిప్పేందుకు కాగితాన్ని మరింత గట్టిగా లాగాలి. చివరికి ఈ బిగువు 2.2 రెట్లవుతుంది. రెండూ కలిస్తే, బ్రేకు వల్ల బెల్టు మీద పడే భారం చివర్లో దాదాపు మూడు రెట్లు! స్ప్రింగ్ కాటాను కాగితం కొసకు తగిలించి, నిండు చుట్ట దగ్గర ఒకసారి, ఖాళీ కావస్తుండగా మరోసారి లాగి చూస్తే ఈ తేడా కంటికే కనిపిస్తుంది.

కనుక మందు వేయవలసింది బ్రేకుకు. ఇరుసు మీది వాషర్‌ను వదులు చేసి, దాని బదులు మెత్తని ఫెల్టు అతికించిన చెక్క చేతిని పాట చుట్ట పైభాగాన ఆనేలా, తన బరువుతోనే వాలి ఉండేలా అమర్చండి. రాపిడి కాగితం పైనే పుడుతుంది కనుక చుట్ట లావు ఎంత తగ్గినా బిగువు దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ చెక్క చేతి కీలు, కాగితం కదిలే దిక్కుకు వెనుకవైపు ఉండాలి. ఎదురుగా ఉంటే ఫెల్టు అంచు రంధ్రాల్లో చిక్కుకుని కాగితం చిరుగుతుంది. వెనక్కి చుట్టేటప్పుడు ఈ చేతిని పైకెత్తి ఉంచే చిన్న కొక్కెం కూడా పెట్టుకోవాలి.

ఆ తరువాతే బెల్టు. చిన్న కప్పీ 24 మి.మీ., పెద్దది 60 మి.మీ., ఇరుసుల మధ్య 100 మి.మీ. ఉంటే చిన్న కప్పీని బెల్టు సుమారు 159 డిగ్రీల మేర మాత్రమే తాకుతుంది. బెల్టు వదులుగా ఉండే వైపున, చిన్న కప్పీకి దగ్గరగా, బయటి నుంచి లోపలికి నొక్కే చిన్న గిలకను పెడితే ఆ పట్టు 200 డిగ్రీల దాకా పెరుగుతుంది. కుట్టు మిషన్‌కు వాడే గుండ్రని తోలు బెల్టు ఈ పనికి బాగా సరిపోతుంది.

లాక్కునే చుట్టు 40 మి.మీ. బదులు 60 మి.మీ. ఉంటే, చుట్టు లావయ్యే కొద్దీ కాగితం వేగం పాట చివరికి 40 శాతం బదులు 19 శాతమే పెరుగుతుంది. సొంతంగా రంధ్రాలు కొట్టుకునేవారికి ఇదే మేలు. కొన్న చుట్టలను వాడేవారు మాత్రం ఈ మార్పు చేయకూడదు, ఎందుకంటే అవి ఏ కొలత చుట్టు కోసం కొట్టారో ఆ కొలత మీదే సరైన లయలో పాడతాయి.

చివరగా, మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పాటను ఎక్కించి, ఆఖరి మీటరు కాగితం మిగిలినప్పుడు సుద్దగీతలను మళ్లీ చూడండి.