అప్పు తీరే దాకా కుక్కకి ఇంటి తిండి పెట్టడం ఎలా?

ఈఎంఐల బరువు పెరిగిన ఇంట్లో మొదటి కోత కుక్క తిండి మీదే పడుతుంది. ప్యాకెట్ మానేసి పొద్దున పాలన్నం, రాత్రి పెరుగన్నం పెట్టడం మొదలవుతుంది. కుక్క వద్దనదు కదా, గిన్నె నాకి మరీ తింటుంది. అందుకే అంతా బాగానే ఉందనుకుంటారు. కొన్ని నెలలు గడిచేసరికి బొచ్చు ఊడుతుంది, తొడల కండ కరుగుతుంది, మెట్లు ఎక్కడానికి వెనకాడుతుంది. అప్పుడు ఎక్స్‌రేలకీ ఇంజెక్షన్లకీ అయ్యే ఖర్చు అన్నాళ్ళూ మిగిల్చినదాన్నంతా ఊడ్చుకుపోతుంది.

తగ్గించుకోగల చోట్లు చాలా ఉన్నాయి. ఖరీదైన ప్యాకెట్ తీసేయొచ్చు, బిస్కెట్లు మానేయొచ్చు, బోన్‌లెస్ బదులు కందనకాయలు కొనొచ్చు, నెలాఖరులో మాంసం తగ్గించి గుడ్లు పెంచొచ్చు. కాల్షియం, రేబీస్ టీకా, నట్టల మందు మాత్రం ఎంత ఇబ్బందిలోనూ ఆపకూడదు.

కింద చెప్పే కొలతలన్నీ ఏడాది దాటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఆరోగ్యంగా ఉన్న 15 కిలోల నాటుకుక్కకి. దానికి రోజుకి దాదాపు 850 కిలో కేలరీలు కావాలి. 10 కిలోల కుక్కకి 630, 20 కిలోల కుక్కకి 1,060. బరువు రెట్టింపైనంత మాత్రాన తిండి రెట్టింపు కాదు. చాలా ఇళ్ళలో పెద్ద కుక్కలు ఊబకాయంతో ఉండడానికి ఈ తప్పూ ఒక కారణం.

ముందు కాగితం, పెన్ను

కిలో ధరలు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ప్యాకెట్ తిండి ఎండుది, ఇంటి తిండిలో సగానికి పైగా నీళ్ళే. పోల్చాల్సింది ఒక రోజు ఖర్చుని. ఎండు తిండి కిలోకి సుమారు 3,500 కిలో కేలరీలు ఉంటాయి కాబట్టి 15 కిలోల కుక్కకి రోజుకి 245 గ్రాములు పడుతుంది. కిలో 600 రూపాయల రకమైతే రోజుకి 147 రూపాయలు. 250 రూపాయల రకమైతే 61.

ఇంటి తిండి లెక్క, మీ ఊరి ధరలు వేసుకుని సరిచూసుకోండి: నూకలు 100 గ్రాములు 4 రూపాయలు, కందనకాయలు, గుండెకాయలు, కొంచెం మాంసం కలిపి 200 గ్రాములు 40 రూపాయలు, లివర్ 25 గ్రాములు 4, గుడ్డు 7, కూరముక్కలూ నూనే కలిపి 6. మొత్తం 61 రూపాయలు. అంటే మీరు ఇప్పటికే కిలో 250 రకం పెడుతుంటే, కుక్క దాని మీద బాగానే ఉంటే, ఇంటి తిండికి మారి మిగిలేదేమీ లేదు. గ్యాసూ మీ శ్రమా అదనపు ఖర్చు. 600 రకం కొంటున్నవాళ్ళకే రోజుకి 86, నెలకి 2,580 రూపాయలు మిగులుతాయి.

ఆ మిగులుని ఇంటి ఖర్చులో కలవనిస్తే కనపడకుండా పోతుంది. ఒకటో తారీకునే 500 రూపాయలు కుక్క వైద్యం డబ్బాలో వేయండి. మిగతా 2,080 అదే రోజు అప్పుకి కట్టండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఉంటే నెలవడ్డీ 2,000 దాంతోనే తీరిపోతుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు దానికే పోవాలి, దాని వడ్డీ మామూలుగా నూటికి మూడు రూపాయలు దాటే ఉంటుంది. కార్డు మీద మినిమం మాత్రమే కడుతూ, అదే కార్డుతో ఆఫర్‌లో ఉందని 20 కిలోల బస్తా కొనడం ఎవరూ చేయకూడని పని. ఆ బస్తా సగానికి వచ్చేసరికి నూనె కంపు కొడుతుంది, కుక్క ముట్టదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

వంట

వంట తేలిక. వంటింటి త్రాసు ఒకటి, ఐదు లీటర్ల గిన్నె ఒకటి ఉంటే చాలు. ఒకేసారి మూడు రోజులకి వండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అంతకు మించి దాచొద్దు.

సన్నబియ్యం దండగ, నూకలే కొనండి. ధర తక్కువ, మెత్తగా ఉడుకుతాయి. పురుగు పట్టిన బియ్యం ఏరి కడిగితే సరిపోతుంది కానీ, బూజు వాసన వచ్చే బియ్యమూ నూకలూ కుక్కకి కూడా పనికిరావు. ఆ బూజు విషం కాలేయాన్ని చంపేస్తుంది. "మనం తినలేం, కుక్కకి వేద్దాం" అనే మాట బూజు దగ్గర వాడకూడదు.

నూకలకి నాలుగింతల నీళ్ళు పోసి, సన్నగా తరిగిన సొరకాయ, బీరకాయ, క్యారెట్, గుమ్మడి, ఏది చవగ్గా ఉంటే అది, రోజుకి 75 గ్రాముల లెక్కన వేయండి. కందనకాయలూ మాంసమూ చిన్న ముక్కలు చేసి అందులోనే ఉడికించండి. ఉడికిన నీళ్ళు పారబోయొద్దు, ముద్దలోనే ఇంకిపోవాలి. కుక్కర్ వాడొద్దు, మూత పెట్టిన గిన్నె, సన్నసెగ. కుక్కర్‌లో అంతా గుజ్జయిపోయి, మాంసంలో ఎక్కడైనా ఎముక చీలిక మిగిలి ఉంటే కంటికి దొరకదు. ఉడికిన ఎముక సూదిలా విరుగుతుంది. చివరి ఐదు నిమిషాల్లో లివర్ వేయండి. రోజుకి 25 గ్రాములు దాటనివ్వొద్దు. చవగ్గా వస్తోందని లివర్‌తోనే కడుపు నింపితే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోయి కీళ్ళు బిగుసుకుంటాయి. గుడ్డు ఉడకబెట్టి చిదిమి కలపండి. చల్లారాక పొద్దుతిరుగుడు నూనె, రోజుకి రెండు టీ చెంచాలు.

మాంసం కొనలేని రోజున 100 గ్రాముల మాంసానికి బదులు రెండు గుడ్లు పెట్టండి. మాంసకృత్తులు కొద్దిగా తగ్గినా కుక్క అవసరానికి దిగువకు పోవు.

ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. అవి కుక్క రక్తకణాలను పగలగొడతాయి, ఉడికించినా ఆ గుణం పోదు. అందుకే మిగిలిన పులుసు, చికెన్ గ్రేవీ, తాలింపు పెట్టిన పప్పు కలిపి రుచి తేవాలని చూడొద్దు. పాయసంలో కిస్మిస్ ఒక్కటి కూడా పోకూడదు, అది కిడ్నీల మీద కొడుతుంది.

కాల్షియం: అందరూ తప్పేది ఇక్కడే

పైన చెప్పిన తిండి చూడటానికి నిండుగా ఉంటుంది. కానీ అందులో కాల్షియం లేనట్టే లెక్క. 100 గ్రాముల కోడిమాంసంలో కాల్షియం పది, పన్నెండు మిల్లీగ్రాములే, భాస్వరం మాత్రం 200 దాకా ఉంటుంది. కుక్కకి ఈ రెండిట్లో కాల్షియమే కొంచెం ఎక్కువగా, లేదా కనీసం సమానంగా అందాలి. అందనప్పుడు ఒళ్ళు ఊరుకోదు, తన ఎముకల్లోంచే తోడుకుంటుంది. రక్తంలో మట్టం తగ్గకుండా చూసుకుంటుంది కాబట్టి రక్తపరీక్ష చేయించినా కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది. బయటపడేసరికి దవడ ఎముక మెత్తబడి పళ్ళు కదులుతుంటాయి, లేదా మంచం మీంచి దూకగానే కాలు విరుగుతుంది. మాంసం బాగా పెట్టి, కాల్షియం పెట్టని ఇళ్ళలో ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. "మా కుక్కకి రోజూ చికెనే" అని చెప్పేవాళ్ళు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

850 కిలో కేలరీల తిండికి రోజుకి సుమారు ఒక గ్రాము కాల్షియం కావాలి. దీనికి అన్నిటికంటే చవకైనది, ఇంట్లోనే దొరికేది కోడిగుడ్డు పెంకు. అది దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే, బరువులో 38 శాతం దాకా కాల్షియం. మెత్తటి పెంకుపొడి గీసి కొలిచిన టీ చెంచాడులో రెండు గ్రాముల కాల్షియం వస్తుంది. కాబట్టి 15 కిలోల కుక్కకి రోజుకి అర టీ చెంచా. 10 కిలోలకి చెంచాలో మూడో వంతు, 20 కిలోలకి మూడింట రెండు వంతులు. రోజుకో గుడ్డు పెట్టే ఇంట్లో పెంకులు అవసరానికి మించే పోగవుతాయి.

చేసే తీరు ఇది. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచండి, క్రిములు పోవడానికి. ఎండలో గలగలమనేలా ఆరనివ్వండి. తడి లేని మిక్సీ చిన్న జార్‌లో రెండు నిమిషాలు తిప్పి, దుమ్ము అడుక్కి చేరేదాకా మూత తీయకండి. తర్వాత పలచని నూలుగుడ్డలో జల్లించండి. జల్లెడ చాలదు, గుడ్డే వాడాలి. జల్లించిన పొడిని చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. ముగ్గుపిండిలా గరగరమంటే మళ్ళీ మిక్సీలో వేయాలి. ముఖానికి రాసుకునే పౌడరులా వేళ్ళ మధ్య జారిపోవాలి. నలిపి వేసిన పెంకుముక్కలు చాలామంది గిన్నెలో చల్లుతుంటారు, అవి లోపలికి ఎలా వెళ్ళాయో బయటికీ అలాగే వస్తాయి. మర్నాడు మలంలో తెల్ల పలుకులు కనిపిస్తే మీ పొడి మెత్తగా లేదని అర్థం.

పొడిని మూడు రోజుల గిన్నెలో ఒకేసారి కలిపేయొద్దు. అడుక్కి దిగిపోయి, మొదటి రోజు ఏమీ అందక, మూడో రోజు అంతా అందుతుంది. ఏ రోజుది ఆ రోజు, పెట్టే గిన్నెలో, ముద్ద గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపాలి.

దీనికి బదులు జనం వాడేవి చాలా ఉన్నాయి, ఏదీ నిలబడదు. రాగిజావ గురించి అందరూ చెబుతారు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉన్న మాట నిజమే. ఒక గ్రాము రావాలంటే దాదాపు 300 గ్రాములు తినిపించాలి, దాంతోనే 900 కిలో కేలరీలు దాటి మాంసానికి చోటుండదు. పైగా రాగుల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఆ కాల్షియంలో చాలా భాగాన్ని పట్టి ఉంచేస్తుంది. పాలతో అంటే రోజుకి 800 మిల్లీలీటర్లు, అంత తాగితే చాలా కుక్కలకి విరేచనాలే. కోడిమెడలు కుక్కర్‌లో పిండైపోయేదాకా ఉడికించి పెట్టే పద్ధతిలో కాల్షియం వస్తుంది కానీ ఎంత వచ్చిందో తెలియదు. దాని మీద మళ్ళీ పెంకుపొడి వేస్తే లెక్క తప్పుతుంది. గేదెల మినరల్ మిక్చర్ కిలో చవకే, అందులోని కాపర్, మిగతా ఖనిజాలు గేదె ఒంటికి లెక్కగట్టినవి. కుక్కల కాల్షియం సిరప్ కొంటే 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములుందో సీసా తిప్పి చదవండి, ఒక గ్రాముకి ఎన్ని చెంచాలు కావాలో, సీసా ఎన్నాళ్ళొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం మన మందుల డబ్బాలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ వారానికొకటి రాసే విటమిన్ డి3 60,000 యూనిట్ల సాచెట్ కుక్కకి వేయొద్దు. 15 కిలోల కుక్కకి ఒక్క సాచెట్టే ప్రమాదకరమైన మోతాదు, డి3 ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. కుక్క దాన్ని నమిలేసిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ఎక్కువైతే మంచిదేగా అని చెంచాల కొద్దీ వేయడమూ తప్పే. మలం తెల్లగా, సుద్దలా పొడిపొడిగా వస్తుంది, మలబద్ధకం వస్తుంది. పైగా అదనపు కాల్షియం జింక్‌ని ఒంటికి పట్టనివ్వదు. కళ్ళ చుట్టూ, మూతి దగ్గర పెచ్చులు కట్టడం దానికి గుర్తు.

ఈ కొలత కుక్కపిల్లలకి వర్తించదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలకి అదనంగా వచ్చిన కాల్షియాన్ని వదిలించుకునే శక్తి ఉండదు, కాళ్ళు వంకరపోతాయి. ఏడాది నిండేదాకా వాటికి మంచి పప్పీ ప్యాకెట్టే పెట్టండి, అప్పు ఉన్నా సరే. చూలుతో ఉన్న కుక్కకి, పాలిచ్చే కుక్కకి, కిడ్నీ జబ్బు లేదా మూత్రంలో రాళ్ళు ఉన్నదానికి వైద్యుడు చెప్పిన కొలతే.

కాల్షియం సరిపోయినా జింక్, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ ఈ తిండిలో తక్కువే. వారానికి రెండుసార్లు మాంసం బదులు ముళ్ళు తీసిన సముద్రపు చేప పెడితే కొంత పూడుతుంది. ఎండు మెత్తళ్ళు వద్దు, ఉప్పు ఎక్కువ. మిగతాదానికి కుక్కల విటమిన్-మినరల్ పొడి వైద్యుడిని అడిగి రాయించుకుని, దాని ధర కూడా మొదటి లెక్కలో కలుపుకోండి. ఆ పొడిలో కాల్షియం ఉంటే అంత మేరకు పెంకు తగ్గించాలి.

మార్చడం, తూచడం

ఒక్కరోజులో మార్చొద్దు. మొదటి రెండు రోజులు పాత తిండిలో పావు వంతు కొత్తది, తర్వాత రెండు రోజులు సగం, మరో రెండు రోజులు ముప్పావు, ఏడో రోజున మొత్తం. విరేచనం పలచబడితే వెనకటి మెట్టుకి వెళ్ళి రెండు రోజులు ఆగండి. రోజు తిండిని రెండు పూటలకి పంచండి.

పదిహేను రోజులకోసారి కుక్కని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయండి. పక్కటెముకలు పైకి కనపడకూడదు, చేత్తో తడిమితే మాత్రం లెక్కపెట్టేలా తగలాలి. తగ్గుతుంటే నూకలూ మాంసమూ పది శాతం పెంచండి, పెరుగుతుంటే ముందు నూకలు తగ్గించండి.

పిల్లి ఉన్నవాళ్ళు ఇదేదీ చేయొద్దు. టారిన్ అనే పోషకం లేకపోతే దాని కళ్ళూ గుండే పాడవుతాయి, పెరుగన్నంలో అది లేనట్టే, ఉడికించి నీళ్ళు పారబోసిన మాంసంలోనూ తగ్గిపోతుంది. తినేది తక్కువే కాబట్టి పిల్లుల ప్యాకెట్లలోనే చవక రకం చూసుకోండి.

టీకా ఖర్చుకి వెనకాడేవాళ్ళు జూలై 6 గుర్తుపెట్టుకోండి. జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల మీద జరిపే ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా ఆంధ్ర, తెలంగాణల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. పొద్దున్నే వెళ్ళండి, మెడపట్టీ గట్టిగా ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, పాత టీకా కార్డు వెంట తీసుకెళ్ళి అందులోనే రాయించుకోండి.