డ్యూటీలో లేనప్పుడు - 4వ పాఠం: జనానికి పని చెప్పడం

కిందటి పాఠంలో కూలిపోయిన మనిషికి స్పృహ, ఊపిరి, నాడి పది సెకన్లలోపు చూడటం నేర్చుకున్నాం. మూడూ లేవనుకుందాం. 108 అంబులెన్స్‌లో అయితే మన ఈఎంటీలకు (అత్యవసర వైద్య సాయం చేసే సిబ్బందికి) పక్కన పైలట్ (బండి నడిపేవాడు), చేతికందేంత దూరంలో కిట్టు ఉంటాయి. పెళ్లి మండపంలో ఉండేవి మీ రెండు చేతులు, మీదపడే జనం.

డ్యూటీ బయట నేను మొదట సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం) చేసింది బంధువుల పెళ్లిలోనే. "ఎవరైనా 108కి ఫోన్ చేయండి" అని అరిచి నొక్కడం మొదలుపెట్టాను. కాసేపాగి అడిగితే ఒక్కరూ చేయలేదు. ఎవరో చేసే ఉంటారని అందరూ అనుకున్నారు. తప్పు వాళ్లది కాదు, నేను ఎవరికీ చెప్పలేదు. పోయిన ఆ నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

అందుకే ఒక్కరిని చూసి, చెయ్యి చూపించి చెప్పండి. "నీలం చొక్కా అన్నా, 108కి చేసి స్పీకర్ పెట్టి ఇక్కడే ఉండండి." "తమ్ముడూ, గేటు దగ్గర నిలబడు, అంబులెన్స్ రాగానే ఇటు తీసుకురా." "అక్కా, వాళ్లావిడని పట్టుకోండి. ఏం మందులు వాడతారో అడిగి చెప్పండి." ఒక్కో మనిషికి ఒక్క పనే. రెండు చెబితే టెన్షన్‌లో రెండూ మర్చిపోతారు.

నీళ్లు తాగించబోయేవాళ్లు, లేపి కూర్చోబెట్టబోయేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లతో వాదించకండి. "నేను ఈఎంటీని. ఈయన గుండె ఆగింది. మీరు నా ఎదురుగా కూర్చోండి, నా తర్వాత మీరే నొక్కాలి" అనండి. అంత ఆత్రంగా ముందుకొచ్చిన మనిషి సాయానికి కూడా వెనకాడడు.

"ఊపిరి తీస్తున్నాడు, ఆపండి" అని ఎవరో అంటారు. అప్పుడప్పుడూ నోరు తెరిచి ఎగశ్వాసలా తీసేది ఊపిరి కాదు. గుండె ఆగిన కొత్తలో చాలామందిలో కనిపిస్తుంది. ఆపకండి.

నొక్కే పద్ధతి మీకు తెలిసిందే: మంచం మీద కాదు, గట్టి నేల మీద. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రావాలి. హఠాత్తుగా కూలిన పెద్దవాళ్లకు నోటి శ్వాస ఇచ్చే మాస్కు లేకపోతే నొక్కడం ఒక్కటైనా ఆపకండి. పిల్లలకు, నీళ్లలో మునిగినవాళ్లకు నోటి శ్వాస కూడా కావాలి.

రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఎదురుగా ఉన్నాయనను మొదటి నిమిషం నుంచే మీతోపాటు పైకి లెక్కపెట్టమనండి, వేగం ఒంటబడుతుంది. మారేటప్పుడు ఆయన చేతులు ఛాతీ మధ్య మీరే పెట్టి, మోచేతులు వంచొద్దని చెప్పండి. లోతు చాలకపోతే "ఇంకా గట్టిగా" అంటూ ఉండండి.

ఈ వారం సాధన: ఫోన్‌లో మెట్రోనోమ్‌ని (టిక్ టిక్ అంటూ లయ చెప్పే యాప్‌ని) నిమిషానికి 110కి పెట్టి, గట్టి దిండు మీద రెండు నిమిషాలు నొక్కుతూ ఇంట్లో ముగ్గురికి మూడు పనులు పైకి చెప్పండి. లయ ఎక్కడ తప్పిందో రాసుకోండి. అంబులెన్స్ వచ్చాక సిబ్బందికి ఏం చెప్పాలో 5వ పాఠంలో చూద్దాం.