ఫోన్‌లో డాక్టరుకు చూపించుకునే ముందు

పాత బీపీ, షుగరు మందులు కొనసాగించాలా మార్చాలా అని అడగడానికి, ఒంటి మీద దద్దుర్లు చూపించడానికి, రిపోర్టులు చదివించుకోవడానికి వీడియో కాల్ చాలు. బస్సు చార్జీలూ ఒక రోజు కూలీ మిగులుతాయి. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఆగని ఆయాసం అయితే మాత్రం యాప్ జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి. విపరీతమైన కడుపునొప్పికీ ఆసుపత్రే. డాక్టరు చెయ్యి పెట్టి నొక్కి చూడాలి.

నెట్‌వర్క్ బాగున్నా తప్పు రీడింగుల వల్ల కాల్ చెడిపోతుంది. బీపీ చూసే ముందు అరగంట టీ, చుట్ట, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆన్చి, కాళ్లు నేలకానించి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీని చొక్కా మీద కాకుండా చర్మం మీదే, గుండె ఎత్తులో కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, అలా మూడు రోజులు పొద్దున, సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. షుగరుకైతే వేలు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మామిడిపండు తిన్న చేతితో గుచ్చితే మిషన్ పండు తీపిని కూడా కలిపి చెప్తుంది.

మందుల పేర్లు నోటితో చెప్పకండి, పొరపాట్లు వస్తాయి. పేరూ మిల్లీగ్రాములూ కనపడేలా స్ట్రిప్పులన్నీ ఫోటో తీయండి. దద్దుర్లకు ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో దగ్గర్నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి తీస్తే సరిపోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ డాక్టరు సేవ ఈ-సంజీవనిలో మొబైల్ నంబరు, ఓటీపీతో ఉచితంగా చూపించుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేకపోతే విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పల్లె దవాఖానాలోనో అడగండి, సిబ్బందే డాక్టరుతో కలుపుతారు. కిటికీకి ఎదురుగా కూర్చోవాలి, వీపు పెడితే మొహం నల్లగా పడుతుంది. పక్కనున్న కొడుకో కోడలో అన్నీ తామే చెప్పేయకూడదు. ఆయాసం ఉంటే రోగి మాటలోనే డాక్టరుకు తెలుస్తుంది.

ఫోన్, వీడియో వైద్యంపై కేంద్రం ఇచ్చిన 2020 మార్చి మార్గదర్శకాల ప్రకారం, మిమ్మల్ని మొదటిసారి చూస్తున్న డాక్టరు ఆడియో కాల్‌లో పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివే రాయగలరు. చాలా మందులకు తొలిసారి వీడియో తప్పనిసరి. మార్ఫిన్ లాంటి మత్తుమందులు వీడియోలోనూ రాయకూడదు కాబట్టి వాటికోసం పట్టుబట్టొద్దు. చీటీ రాగానే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. అది లేని చీటీతో మందుల షాపుకు వెళ్లొద్దు.